చోటు తక్కువ... జనం ఎక్కువ!

అమెరికాలో మనవాళ్లు ‘జెర్సీ సిటీలో ఉంటున్నాం’ అంటారే గానీ, ‘హడ్సన్‌ కౌంటీ’ అనే మాట ఎత్తేవాళ్లు తక్కువ. న్యూజెర్సీలో నేల విస్తీర్ణంలో అన్నిటికన్నా చిన్న కౌంటీ అది. సుమారు 120 చదరపు కిలోమీటర్లు. అందులో 2020 లెక్కల ప్రకారం 7.24 లక్షల మంది! హడ్సన్‌, హ్యాకెన్‌సాక్‌, పసాయిక్‌ నదుల మధ్య ఇరుక్కున్న చోటు మరి, పక్కకి పెరిగేదెక్కడ? పైకే పెరిగింది.

ఇందులోని గట్టెన్‌బర్గ్‌ పట్టణమైతే మరీను. అర చదరపు కిలోమీటరులో 12 వేల మంది. దానికీ ఓ మేయరు, ఓ కౌన్సిలు! అలాంటి మున్సిపాలిటీలు మొత్తం 12. పైన కౌంటీకి ఎన్నికైన ఎగ్జిక్యూటివ్‌, తొమ్మిదిమంది కమిషనర్లు. 2020 దాకా ఈ కమిషనర్లను ‘ఫ్రీహోల్డర్లు’ అనేవారు. అంటే సొంత భూమి ఉన్నవాళ్లని. అద్దె ఇళ్లవాళ్లే ఎక్కువున్న చోట ఆ పేరు అన్నాళ్లు నిలవడం వింతే.

ఇక్కడ పదిమందిలో నలుగురికి పైగా వేరే దేశంలో పుట్టినవాళ్లే. యూనియన్‌ సిటీలో క్యూబన్లు, జెర్సీ సిటీలో మనవాళ్లు. అంత సులువుగా ఏం కుదురుకోలేదు. 1987లో ‘డాట్‌బస్టర్స్‌’ పేరుతో ఓ ముఠా... డాట్‌ అంటే మన బొట్టే... భారతీయుల్ని ఊళ్లోంచి తరిమేస్తామని స్థానిక పత్రికకు ఉత్తరం రాసింది. ఆ ఏడాదే పక్కనున్న హోబోకెన్‌లో ఓ భారతీయుణ్ణి కొట్టి చంపారు. చీర కట్టి గడప దాటాలంటే ఆడవాళ్లు జంకిన రోజులవి.

ఇప్పుడు జర్నల్‌ స్క్వేర్‌ దగ్గర, న్యూఆర్క్‌ అవెన్యూలో ఓ భాగం పేరే ‘ఇండియా స్క్వేర్‌’. నవరాత్రులొస్తే ఆ రోడ్డు మీదే గర్బా ఆడతారు.