పండగ వెళ్లినా.. బరువు వెళ్లదు!

సంక్రాంతి వెళ్లాక ఓపీలో తరచూ వినే మాట.. ‘పండగ కదండీ, కాస్త ఎక్కువ తిన్నామండి!’ తినడం తప్పు కాదు. అరిసెలు, సున్నుండలు, పూతరేకులు లేకుండా కోనసీమలో పండగేమిటి? చిక్కల్లా డబ్బాలు ఖాళీ అయ్యేదాకా సాగే తిండితోనే.

అమెరికాలో 195 మందిపై జరిగి, 2000లో వెలువడిన అధ్యయనంలో పండగల సీజన్‌లో పెరిగిన బరువు సగటున 370 గ్రాములే. కానీ తర్వాతి నెలల్లో అది తగ్గలేదు. ఏటా అంతే చేరినా పదేళ్లకు మూడున్నర కిలోలకు పైనే! మనవాళ్లలో నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, గుండెజబ్బుల ముప్పు ఎక్కువ.

ఏం చేయాలి?

• అరిసె తిన్న పూట అన్నం తగ్గించండి. కేలరీల్లో బెల్లం, పంచదార దాదాపు ఒకటే.

• డబ్బా ముందు పెట్టుకుని కూర్చోవద్దు. ఒకటి తీసుకుని మూత పెట్టేయండి.

• భోజనంలో పనసపొట్టు కూర, పప్పు ఎక్కువగా, పులిహోర తక్కువగా వడ్డించుకోండి.

• కొత్త అల్లుళ్లూ.. మొహమాటపడొద్దు. ‘కాసేపాగి తింటానండి’ అంటే అత్తగారేమీ అనుకోరు.

• కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వీలైనంత దూరం నడిచి వెళ్లండి.

• మధుమేహం ఉన్నవారు మాత్రలు మానొద్దు. ఎక్కువ తిన్నామని సొంతంగా డోసు పెంచొద్దు.

భోగి ఉదయం ఒకసారి, ముక్కనుమ మర్నాడు మరోసారి బరువు చూసుకోండి. పండగ నాలుగు రోజులే. పండగ తిండినీ ఆ నాలుగు రోజులతోనే ఆపితే చాలు.