చలి తగిలితేనే పూసే మొక్క

పియోనీ పువ్వు అరచేయంత ఉంటుంది. గులాబీలా రేకులమీద రేకులు. గజపతినగరంలో నాటితే ఆకులు వేయవచ్చుగాని పూయదు. ఎందుచేత?

అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయంవారి నికల్స్ ఉద్యానవనం ఉంది. 1922లో అప్‌జాన్ అనే వైద్యుడిచ్చిన మొక్కలతో మొదలైన పియోనీ తోట అక్కడ నేటికీ ఏటా పూస్తోంది. శీతకాలంలో మంచుకు కాడలన్నీ ఎండిపోతాయి. చచ్చిందనుకోకండి! నేలలో దుంపమీద మొగ్గలు నిద్రపోతుంటాయి. సుమారు 0 నుంచి 7 డిగ్రీల సెల్సియస్ చలి కొన్ని వారాలు తగిలితేనే వాటి నిద్ర తీరుతుంది. జనవరి రాత్రి మనం దుప్పటి ముసుగేసినా, ఆ మొగ్గలకు అదొక చలే కాదు! మన దేశంలో పియోనీ దానంతటదే పెరిగేది హిమాలయాలలోనే.

మరి దుంపను శీతల గిడ్డంగిలో పెడితే? పూలు పెంచే రైతులు కొందరు చేసేది అదే.