ఒక్కపారే వచ్చిన పైసలు.. డెట్రాయిట్ ఎట్ల పంచింది?

కరోనా దెబ్బకు కుదేలైన నగరాలను నిలబెట్టనీకి 2021 మార్చిల అమెరికా ఒక చట్టం తెచ్చింది. మొత్తం 1.9 లక్షల కోట్ల డాలర్లు. అండ్ల 35 వేల కోట్ల డాలర్లు రాష్ట్రాలకు, కౌంటీలకు, నగరాలకు, ఆదివాసీ ప్రభుత్వాలకు పంచిన్రు. మిషిగన్ రాష్ట్రంల ఉన్న డెట్రాయిట్ వాటా దాదాపు 82 కోట్ల 67 లక్షల డాలర్లు. అప్పటి రేటుల 6 వేల కోట్ల రూపాయల పైమాటే.

ఇంత పెద్ద మొత్తం ఎందుకంటే, ఆ ఊరి గోస గూడ అంత పెద్దది. కార్ల కంపెనీలతోని వెలిగిన డెట్రాయిట్‌ల 1950ల 18 లక్షల మందికి పైన ఉండిరి. 2020 లెక్కల 6.39 లక్షలే మిగిలిన్రు. 2013ల నగరమే దివాలా తీసింది. ఆ దెబ్బకు రిటైరైన మున్సిపల్ ఉద్యోగుల పింఛన్లల్ల గూడ కోత పడ్డది.

మరి ఆ పింఛన్ల నిధిని ఈ పైసలతోని నింపొచ్చా? నింపొద్దని కేంద్రం రూల్ పెట్టింది. ఆరోగ్యం, ఉపాధి, మంచినీళ్లు, మురుగుకాల్వలు, ఇంటర్నెట్, తగ్గిన ఆమ్దానీని పూడ్చుడు.. ఇసొంటివాటికే వాడాలె. 2024 ఆఖరుకల్లా దేనికెంతో ఒప్పందాలు అయిపోవాలె, 2026 ఆఖరుకల్లా ఖర్చు కావాలె.

మేయర్ మైక్ డగ్గన్ సర్కారు పైసలను రెండు కుప్పలు చేసింది. దాదాపు 40 కోట్ల డాలర్లు బడ్జెట్ బొక్క పూడ్చనీకి. ఎందుకంటే కరోనాల కాసినోలు బందైనయి, వాటి పన్ను ఆగింది. బయటి ఊర్లకెళ్లి వచ్చి పని చేసేటోళ్లు ఇంట్లకెళ్లే పని చేసుడుతోని ఆదాయపు పన్ను గూడ తగ్గింది. ఈ పైసలు లేకుంటే నగర ఉద్యోగుల కొలువులు పోయేవి. మిగిలిన 42 కోట్ల పైచిలుకు డాలర్లు ఇండ్ల రిపేర్లు, పని నేర్పుడు, పార్కులు, పాడువడ్డ బిల్డింగుల సంగతి చూసుడు.. గిట్ల జనం పనులకు. దీని మీద బస్తీలల్ల మీటింగులు పెట్టి జనాన్ని అడిగిన్రు. 2021 జూన్‌ల సిటీ కౌన్సిల్ ఓటేసింది.

అసలు కథ ఇండ్ల కాడ ఉన్నది. 62 ఏండ్లు దాటిన పేదోళ్లకు, వికలాంగులకు ఇండ్ల కప్పులు బాగు చేసే పథకానికి మొదట 3 కోట్ల డాలర్లు అనుకున్నరు. ఆ పైసలతోని బాగయ్యేది దాదాపు 1,500 ఇండ్లే. దరఖాస్తులు మొదలుకాంగనే ఫోన్లు ఆగకుంట మోగినయి. ఇంకో దిక్కు, 2010 నుంచి 2016 దాకా ఇండ్ల విలువ ఎక్కువ చూపి, అదే ఊరి జనం దగ్గర కనీసం 60 కోట్ల డాలర్ల పన్ను అదనంగ గుంజిన్రని డెట్రాయిట్ న్యూస్ పత్రిక 2020ల లెక్కగట్టింది. అంటే జనం దగ్గర ఎక్కువ గుంజింది 60 కోట్లు, కారే కప్పులకు పెట్టింది 3 కోట్లు.

అట్లని బడ్జెట్ బొక్క పూడ్చుడు తప్పనలేం. చెత్త బండి రాకుంటే, అంబులెన్స్ లేటైతే ముందు ఆగమయ్యేది పేదోడే. కానీ ఈ పైసలు వాన నీళ్ల లెక్క, మల్ల మల్ల రావు. జీతాలకు పోసినయి ఏడాదిల అయిపోతయి, మల్లేడు అదే బొక్క మల్ల కనవడ్తది. కప్పు వేసిన ఇల్లు మాత్రం ఇరవై ఏండ్లు నిలవడ్తది, పని నేర్సిన పోరడు బతుకంతా సంపాయించుకుంటడు. అందుకే ఆ మొదటి కుప్ప ఎంత చిన్నగుంటే డెట్రాయిట్‌కు అంత లాభం.