ఒక కణం, లక్ష రెట్లు

నెల్లూరు తీరంలో 'తెల్లమచ్చ' అంటే చాలు, రొయ్యల రైతుకు నిద్ర పట్టదు. 1994లో తూర్పు తీరపు టైగర్ రొయ్యల గుంటలను ఊడ్చేసిన వైరస్ అది. అందుకే ఆ ప్రాంతపు పాఠకుడొకరు తన అక్వేరియంలోని స్కాట్ చేప రెక్కల మీద తెల్లటి బుడిపెలు చూసి, గుంటల జబ్బు తొట్టిలోకీ వచ్చిందేమోనని కంగారుగా రాశారు. రాలేదు. ఆ వైరస్‌ది రొయ్యలూ పీతల లోకం, చేపల జోలికి పోదు. రొయ్య పెంకు మీది మచ్చ పేరుకుపోయిన కాల్షియం. చేప మీదున్న బుడిపె బతికున్న కణం!

ఈ జబ్బు పేరు లింఫోసిస్టిస్. దీని వైరస్ చర్మం కింది కణంలో దూరి దాని విభజనను ఆపేస్తుంది, పెరుగుదలను మాత్రం ఆపదు. మామూలుగా మిల్లీమీటరులో యాభయ్యో వంతుండే కణం ఏకంగా ఒక మిల్లీమీటరు దాకా ఉబ్బుతుంది. అడ్డంగా 50 రెట్లంటే ఘనపరిమాణంలో 1,25,000 రెట్లు. చుట్టూ మందపాటి తొడుగు, లోపల గుట్టలుగా వైరస్ రేణువులు. మైక్రోస్కోపు అక్కర్లేకుండా ఒక్కో కణాన్నీ సగ్గుబియ్యపు గింజలా చూడొచ్చు. జీవశాస్త్రంలో ఇంత దర్జాగా కంటికి కనిపించే జబ్బుకణాలు అరుదు.

ఇంత పెద్ద కణాన్ని కణమని నమ్మడమే కష్టమైంది. 1904లో వుడ్‌కాక్ అనే శాస్త్రవేత్త దీన్ని ఏకకణ పరాన్నజీవి అనుకుని ఏకంగా జాతి పేరే పెట్టాడు. అది పరాన్నజీవి కాదు, చేప సొంత కణమేననీ, కారణం వైరస్ కావచ్చనీ 1914లో జర్మన్ శాస్త్రవేత్త వైసెన్‌బర్గ్ అన్నాడు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఆయన మాట నిజమని తేల్చేసరికి 1960లు వచ్చాయి. లేని జీవికి పెట్టిన పేరు మాత్రం జబ్బుకు నిలిచిపోయింది.

గుర్తుపట్టడం తేలికే. ఉప్పు చల్లినట్టు ఒళ్లంతా సన్నటి చుక్కలు లేచి, చేప గాజుకు ఒళ్లు రుద్దుకుంటుంటే అది 'ఇక్' అనే పరాన్నజీవి పని, దానికి మందుంది. గరుకు బుడిపెలు రెక్కల అంచున గుత్తులుగా నిదానంగా పెరుగుతుంటే లింఫోసిస్టిస్. గోల్డ్‌ఫిష్‌కీ, కొయి కార్ప్‌కీ ఇది రాదు, వాటి బుడిపెలకు వేరే కారణం వెతకాలి.

మందు? లేదు. దుకాణంలో అంటగట్టే నీలి, పచ్చ సీసాలు వైరస్‌ను ఏమీ చేయవు. బ్లేడుతో గీకితే పుండై బాక్టీరియా చేరుతుంది, వైరస్ నీళ్లలో కలుస్తుంది. చేపను వేరు తొట్టిలో పెట్టి, నీళ్లు శుభ్రంగా ఉంచి, మంచి మేత వేసి, గుంపుల పోరు తప్పించండి. చాలావరకు కొన్ని వారాల్లో, ఒక్కోసారి నెలల్లో బుడిపెలు వాటంతటవే రాలిపోతాయి. అంతవరకు ఆ చేపను ఎవరికీ అమ్మకండి, ఇవ్వకండి. సూదితో రంగులెక్కించిన గాజుచేపల్ని అసలే కొనకండి, వాటిలో ఈ జబ్బు ఎక్కువ.