ముఖం లేని బొమ్మ.. బొల్లారం చెయ్యి

ముంబయి: ఒక స్త్రీ ఒంటరిగా కూర్చుని ఉంటుంది. వీపు మనవైపు. తల కాస్త వంచుకుంటుంది. ముఖం కనిపించదు. భుజం మీంచి దిగిన గీత నడుం దగ్గర బరువెక్కి ఆగిపోతుంది. చుట్టూ ఖాళీ కాగితం. ఒంటి మీద బట్టల్లేవు కాబట్టి ఇక్కడ అచ్చు వేయలేం గానీ, చూసినవాళ్లకు ముందు కనిపించేది అలసిపోయిన మనిషే.

పెన్సిల్, బొగ్గు, నీటిరంగులు.. వీటితో ఇలాంటి బొమ్మలెన్నో గీసిన కృష్ణాజీ హౌలాజీ ఆరా పుట్టింది మన సికింద్రాబాద్ పక్కన బొల్లారంలో. 1914లో. చిన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి డ్రైవరు. ఏడేళ్లకే ఇల్లు వదిలి బొంబాయి పారిపోయాడు. అప్పటికే ఇక్కడ మనవాళ్లున్నారు. కామాఠిపురా అన్న పేరే నిజాం ఇలాకా నుంచి కూలి పనులకొచ్చిన కామాఠీల వల్ల వచ్చింది. ఈ పిల్లాడు మాత్రం ఇళ్లలో పనికి కుదిరాడు. కార్లు కడిగాడు. ఉప్పు సత్యాగ్రహంలో ఐదు నెలలు జైల్లో ఉన్నాడు.

తీరిక దొరికితే బొమ్మలే. టైమ్స్ ఆఫ్ ఇండియా కళావిమర్శకుడు రూడీ వాన్ లైడన్, ఆ పత్రిక ఆర్ట్ డైరెక్టర్ వాల్టర్ లాంగ్‌హామర్ ఆయన్ని ప్రోత్సహించారు. ఇద్దరూ నాజీల భయానికి యూరప్ వదిలి వచ్చినవాళ్లు. 1942లో తొలి సొంత ప్రదర్శన. 1944లో గవర్నర్ బహుమతి. 1947లో సౌజా, రజా, హుసేన్, బాక్రే, గాడేలతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్.

ఆరా అనగానే అందరూ పూలకుండీల బొమ్మలే చెబుతారు. 1952లో బాంబే ఆర్ట్ సొసైటీ బంగారు పతకం వచ్చిందీ రెండు కూజాల బొమ్మకే. నా ఓటు మాత్రం ఈ కూర్చున్న మనుషులకే. కొలతలు పెట్టి చూస్తే ఎక్కడో చెయ్యి పొడవు, ఎక్కడో భుజం వంకర. బడిలో దిద్దుకున్నవాళ్లు అలా గీయరు. కానీ పొద్దస్తమానం నిలబడి చాకిరీ చేసిన మనిషి చివరికి ఎలా కూలబడతాడో, నడుం ఎలా వంగుతుందో ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకే ముఖం లేకపోయినా లోటనిపించదు.

పేరొచ్చాక కూడా ముంబయి వదల్లేదు. పెళ్లి చేసుకోలేదు. కాలా ఘోడాలోని ఆర్టిస్ట్స్ సెంటర్ బాధ్యత నెత్తికెత్తుకుని, 1985లో కన్నుమూసేదాకా కొత్త కుర్రాళ్ల బొమ్మలకు గోడ దొరికేలా చూశారు.