ఈ కెమెరాకి లెన్స్ ఉండదు, ఫ్లాష్ మాత్రం మన ఒంట్లోనే!

200 మెగాపిక్సెల్ కెమెరాల గురించి ఇక్కడ చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి 0.016 మెగాపిక్సెల్ కెమెరా. నవ్వకండి. శాలిబండ నుంచో యాకుత్‌పురా నుంచో మూసీ దాటి పంజాగుట్ట నిమ్స్‌లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగానికి వెళ్లే పేషెంట్‌కి ఈ కెమెరా చూపించేది ఏ ఫ్లాగ్‌షిప్ ఫోనూ చూపించలేదు.

దీని పేరు గామా కెమెరా. ఎక్స్‌రే, సీటీల్లో కిరణాలు బయటి నుంచి ఒంట్లోకి వెళ్తాయి. ఇక్కడ రివర్స్. చేతి నరంలోకి కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కిస్తారు. అది చేరాల్సిన చోటికి చేరి, అక్కడి నుంచి గామా కిరణాలు వదులుతుంది. సీటీ అవయవం ఎలా ఉందో చెబితే, ఇది ఎలా పనిచేస్తోందో చెబుతుంది. మదర్‌బోర్డు ఫొటోకీ టాస్క్ మేనేజర్‌కీ ఉన్నంత తేడా.

గామా కిరణాలని లెన్స్‌తో వంచలేం. అందుకే లెన్స్ ప్లేస్‌లో వేల సన్నటి రంధ్రాలున్న సీసపు పలక ఉంటుంది, దాన్ని కొలిమేటర్ అంటారు. నిటారుగా వచ్చిన కిరణాలే లోపలికి పోతాయి, మిగతావి సీసంలోనే ఆగిపోతాయి. సుమారు పదివేలలో ఒక్కటి దాటుతుంది! దాటిన కిరణం సోడియం అయోడైడ్ స్ఫటికానికి తగిలితే చిన్న మెరుపు వస్తుంది. వెనక డజన్ల కొద్దీ ఫొటోమల్టిప్లయర్ ట్యూబులుంటాయి. ఏ ట్యూబుకి ఎంత వెలుగు అందిందో వెయిటెడ్ యావరేజ్ తీస్తే మెరుపు ఎక్కడ పడిందో తెలిసిపోతుంది. 1950ల్లో బర్క్‌లీలో హాల్ యాంగర్ వేసిన ఐడియా ఇది. 128×128 గ్రిడ్‌లో ఫొటో నింపడానికి నిమిషాలు పడుతుంది. స్పెక్ షీట్ చూస్తే జాలేస్తుంది, పని చూస్తే మాత్రం మెచ్చుకోవాల్సిందే.

ఎక్కువగా వాడే ఐసోటోపు టెక్నీషియం-99ఎం. దీని అర్ధాయుష్షు 6 గంటలే, అంటే పొద్దున ఉన్నదాంట్లో సగం మధ్యాహ్నానికి మాయం. మరి స్టాక్ ఎలా? 66 గంటల అర్ధాయుష్షున్న మాలిబ్డినం-99ని ఒక డబ్బాలో ఆసుపత్రికి పంపిస్తారు. అది మెల్లగా టెక్నీషియంగా మారుతుంటే, రోజూ పొద్దున్నే సెలైన్‌తో బయటికి తీస్తారు. ఈ పనిని పాలు పితకడం అనే అంటారు, డబ్బా ఆవు అన్నమాట.

పెట్ స్కాన్ ఇంకో లెవెల్. అందులో ఫ్లోరిన్-18 తగిలించిన చక్కెర లాంటి పదార్థం ఎక్కిస్తారు. చాలా రకాల క్యాన్సర్ కణాలకి చక్కెర ఆకలి ఎక్కువ, అవి దాన్ని గబగబా లాగేసుకుంటాయి. అక్కడ పుట్టిన పాజిట్రాన్ ఒక ఎలక్ట్రాన్‌ని ఢీకొని, ఎదురెదురు దిక్కుల్లో రెండు గామా కిరణాలు బయల్దేరతాయి. రెండు డిటెక్టర్లు ఒకేసారి మోగితే, మూలం ఆ రెంటినీ కలిపే గీత మీదే ఉందని అర్థం. సీసపు పలకతో పనే లేదు. ఏ కిరణం ముందొచ్చిందో 200 పికోసెకన్ల కచ్చితత్వంతో కొలిస్తే, గీత మీద చోటు 3 సెంటీమీటర్లలోపు తేలిపోతుంది. ఫోన్లలో టైమ్ ఆఫ్ ఫ్లైట్ సెన్సర్ అని విన్నారుగా, సూత్రం అదే. ఫ్లోరిన్-18 అర్ధాయుష్షు 110 నిమిషాలు. మన సిటీ ట్రాఫిక్‌లో రెండు గంటలు ఇరుక్కుంటే సగం మందు దారిలోనే హాంఫట్.

ఇక వైద్యం. థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ అంటే ప్రాణం. ఆ వీక్‌నెస్ మీదే 1941లో బోస్టన్‌లో సాల్ హెర్ట్జ్ అనే డాక్టర్ రేడియో అయోడిన్ వైద్యం మొదలుపెట్టాడు. నేడు వాడే అయోడిన్-131 అర్ధాయుష్షు 8 రోజులు. అది వదిలే బీటా కణాలు మహా అయితే రెండు మిల్లీమీటర్లు పోతాయి. అందుకే దెబ్బంతా థైరాయిడ్ కణాలకే. దాంతోపాటు వచ్చే గామా కిరణాలతో ఫొటో కూడా తీయొచ్చు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి లుటీషియం-177 వాడటం వెనకా ఇదే లాజిక్.

ఆ గామా కిరణాలే ఇంట్లోవాళ్లకి చిక్కు. మన దేశంలో 30 మిల్లీక్యూరీలు దాటిన డోసు ఇస్తే ఆసుపత్రిలో విడిగదిలో ఉంచాల్సిందే. ఆ గది టాయిలెట్ నీళ్లని కూడా వెంటనే డ్రైనేజీలోకి వదలరు, ట్యాంకుల్లో నిల్వ పెట్టి రేడియోధార్మికత తగ్గాకే వదులుతారు. డిశ్చార్జ్ అయ్యాక కూడా కొన్నాళ్లు చిన్నపిల్లలకి, గర్భిణులకి దూరంగా విడిగా పడుకోవాలి. పాతబస్తీ గల్లీలో రెండు గదులు, పదిమంది, ఒకటే బాత్రూమ్ ఉన్న ఇంట్లో ఇది చెప్పినంత ఈజీ కాదు. నన్నడిగితే, డోసు తేదీ ఖాయం చేసుకునే ముందే ఇంటి సంగతి డాక్టర్‌కి పూసగుచ్చినట్టు చెప్పేయాలి. అప్పుడు ఎన్ని రోజులు, ఎంత దూరం అన్నది ఇంటిని బట్టి లెక్కేసి చెబుతారు. అందరూ ఒకే పళ్లెంలో తినే అలవాటుంటే అదీ చెప్పాలి, ఎందుకంటే లాలాజలంలోనూ అయోడిన్ వస్తుంది.

థైరాయిడ్ క్యాన్సర్ పేషెంట్లకి ఇంకో పరీక్ష, డోసుకి ముందు వారం రెండు వారాల పత్యం. అయోడైజ్డ్ ఉప్పు, చేపలు, పాలు, బేకరీ సరుకు బంద్. అంటే ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్ రెండూ ఔట్!

మరి ఫోన్? విడిగదిలోకి తీసుకెళ్లొచ్చా అంటే ఆసుపత్రి ఒప్పుకోవాలి. చెమటలో కూడా అయోడిన్ ఉంటుంది కాబట్టి ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి వాడి, బయటికొచ్చేటప్పుడు ఆ కవర్ అక్కడే వదిలేస్తారు. ఇంట్లో కూర్చుని ఫోన్ కెమెరాతో రేడియేషన్ కొలిచే యాప్స్‌ని నమ్ముకోవద్దు. సెన్సర్‌కి గామా కిరణం తగిలితే చుక్క పడేది నిజమే, కానీ కాలిబ్రేషన్ లేని ఆ అంకెతో పిల్లాడిని ఎత్తుకోవచ్చో లేదో తేల్చలేం.

ట్రీట్‌మెంట్ అయిన కొన్ని వారాల్లోపే దుబాయ్, జెద్దా ఫ్లైట్ ఉంటే, ఏ ఐసోటోపు, ఎంత డోసు, ఏ తేదీన ఇచ్చారో రాసిన ఆసుపత్రి లెటర్ పాస్‌పోర్ట్‌తోపాటే పెట్టుకోండి. ఎయిర్‌పోర్టుల్లోని రేడియేషన్ డిటెక్టర్లు అప్పటికీ మోగొచ్చు.