పాత బండి - కొత్త పెట్రోలు

విడవలూరు మొదలుకొని రామతీర్థపు సముద్రతీరము వరకు గల పల్లెలలో మోటారు సైకిళ్లకు కొదువ లేదు. వరిచేనికి పోవలెనన్నను, రొయ్యల చెరువు చూచి రావలెనన్నను, నెల్లూరు బజారు చేరవలెనన్నను ఆ బండియే ఆధారము. వానిలో పది పదిహేనేండ్ల నాటివి కూడ కలవు. బండి పాతదే అయినను, దాని టాంకిలో పోయు పెట్రోలు మాత్రము మారినది. నూటికి 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలును మన దేశమున 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకులలో విడుదల చేసిరి. 2025 నాటికి అది దేశమంతట వ్యాపించినది.

ఇథనాలు అనగా ఆల్కహాలే. చెరకు మడ్డి, నూకలు, మొక్కజొన్నలు మున్నగువానిని పులియబెట్టి, బట్టీపట్టి దీనిని తీయుదురు. 1990ల ఆరంభమున దూబగుంట స్త్రీలు సారాను ఊరినుండి వెడలగొట్టిన జిల్లా ఇది. ఆ సారాలోని మత్తుపదార్థమే నేడు బండికి మేత అయినది! ముడిచమురు దిగుమతి తగ్గవలెననియు, రైతు పంటకు గిరాకీ పెరగవలెననియు ఈ ఏర్పాటు. ఉద్దేశము మంచిదే. అయితే పాత బండిని దీనికి తగినట్లు ఆయత్తపరచుట యజమాని వంతు.

మొదట మంట సంగతి చూతము. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఇథనాలుకు 9 కిలోలు చాలును. ఏలయనగా దాని బరువులో నూటికి సుమారు 35 పాళ్లు ఆక్సిజనే. పందెపు కార్లలో వాడు నైట్రస్ ఆక్సైడు వాయువులో ఆక్సిజను 36 పాళ్లు. రెండవ ప్రపంచయుద్ధమున జర్మను విమానములు గాలి పలుచనైన ఎత్తులలో ఈ వాయువును ఇంజనులోనికి చిమ్ముకొనెడివి. దానిని వాడువారు ముందుగా పెట్రోలు పంపును, జెట్టును పెద్దవి చేసికొందురు. ఆక్సిజను పెరిగి పెట్రోలు పెరగనిచో వేడి మితిమీరి పిస్టను కరగిపోవును. ఇథనాలు అంత ఉగ్రమైనది కాదు. అది తానే ఇంధనము. అయినను సూత్రమొక్కటే: ఆక్సిజను వచ్చిన మేరకు ఇంధనమును పెంచవలెను.

2020 ఏప్రిలు తరువాతి భారత్ స్టేజి 6 బండ్లలో పొగగొట్టమునందలి ఆక్సిజను సెన్సరు ఈ లెక్కను చాలవరకు తానే సరిచూచుకొనును. పాత కార్బురేటరుకు అట్టి కన్ను లేదు. కనుక మిశ్రమము కొంత పలుచన యగును. ఉదయమున బండి మొండికేయుట, ఆక్సిలేటరు తిప్పినపుడు తడబడుట, ప్లగ్గు తెల్లబారుట దీని గురుతులు. అవి కనిపించిననే మెకానిక్కుచేత మిశ్రమమును సరిచేయించవలెను. లేనియెడల కార్బురేటరు జోలికి పోనక్కరలేదు. లీటరు ఇథనాలులోని వేడి పెట్రోలులో మూడింట రెండు వంతులే. ఇథనాలు లేని పెట్రోలుకై తయారై, 10 పాళ్లకు సరిచేసిన ద్విచక్ర వాహనములకు మైలేజి నూటికి 3 లేక 4 పాళ్లు, కార్లకు 6 లేక 7 పాళ్లు తగ్గగలదని నీతి ఆయోగు 2021 నివేదిక అంచనా.

రెండవది నీరు. తీరవాసులకు ముఖ్యమైనది ఇదే. పెట్రోలు నీటిని తనలో చేరనీయదు. ఇథనాలు తేమగాలినుండి సయితము నీటిని పీల్చుకొనును. కొద్దిపాటి నీరు ఇంధనములో కరగి ఇంజనులో ఆవిరియై పోవును. మితిమీరినచో ఇథనాలు నీటితో కూడి, పెట్రోలునుండి విడివడి, టాంకి అడుగునకు దిగును. ఇంజనునకు పోవు దారియు అడుగుననే కదా! అపుడు బండి నిలిచిపోవును. పైన కొత్త పెట్రోలు పోసి సరిపెట్టుట కాక, ఉన్నదంతయు దింపివేయుటే మందు. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మన తీరమున వానలు, తుపానులు. ఆ దినములలో టాంకి మూత రబ్బరు బిగువుగ నున్నదో లేదో చూడవలెను. బండిని వారముల తరబడి నిలుపునపుడు టాంకిని నిండుగ ఉంచవలెను. లోపల గాలికి చోటు తగ్గినకొలది తేమయు తగ్గును. ట్యాపు కట్టి, ఇంజను తానై ఆగువరకు నడిపినచో కార్బురేటరు గిన్నెయు ఖాళీయగును.

మూడవది దారి. ఇథనాలు కొన్ని పాతరకపు రబ్బరులను ఉబ్బించును, పగుల్చును. టాంకిలో ఏండ్లుగా పేరుకొన్న మడ్డిని కదలించి ఫిల్టరునకు చేర్చును. కావున ఫిల్టరును మునుపటికంటె తరచుగా చూడవలెను. పెట్రోలు గొట్టము మెత్తబడినను, పగుళ్లు వారినను, ఇథనాలుకు తగినదానిని వేయించవలెను. కొన్ని పాత బండ్లలో 20,000 - 30,000 కిలోమీటర్ల పిదప రబ్బరు భాగములు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చునని కేంద్ర పెట్రోలియము శాఖయే 2025లో తెలిపినది. 2023 ఏప్రిలు తరువాత తయారైన బండ్లలో ఈ భాగములు తగినట్లే ఉండును.

కావున మేము సూచించు వరుస ఇది: ముందు గొట్టము, ఫిల్టరు, పిమ్మట టాంకిలో నీరు, చివరకు, అవసరమైనచో, కార్బురేటరు. ఈ పని ఆరుబయట, పొయ్యికిని దీపమునకును దూరముగా, ఇంజను చల్లారిన పిదప చేయవలెను. గొట్టము కారుచున్నదని తెలిసియు బండిని ఇంటిలో నిలుపరాదు. గొట్టమునకు, ఫిల్టరునకు అగు వ్యయము స్వల్పము. వానిని ఉపేక్షించినచో కలుగు నష్టము ఇంజనుతో ఆగక, ఇంటివరకు రాగలదు.